కూత తెంపిన మాట

మా ఇంట్లో మూడు భాషలుండేవి. అమ్మ సరిహద్దు అవతల సేడం వైపు పిల్ల కాబట్టి వంటింట్లో కన్నడం. నాన్న పటేలు, పొలం మాటలన్నీ తెలుగులోనే. నేను చదివిన బడి నిజాం నాటిది గనుక లెక్కలూ చరిత్రా ఉర్దూలో. ఇన్ని భాషల వల్ల నాకు ఒరిగిందేమిటో చెప్పలేను గానీ, ఒక చిక్కు మాత్రం వచ్చిపడింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నా నోరు ఏ భాషలో అరుస్తుందో నాకే తెలియదు. ఆ తెలియకపోవడం మీద రెండు విచారణలు జరిగాయి. ఒక మనిషి బతుకుతెరువు దానికి ముడిపడింది. వికారాబాదూ తాండూరూ కొంతకాలం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అప్పట్లో మా పిచ్చి కబడ్డీ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. కూతకు వెళ్ళినవాడు ఒకే ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి జట్టువాళ్ళను తాకి, మధ్యగీత దాకా తిరిగి రావాలి. నడుమ ఊపిరి పీల్చినా, ఇంకో మాట నోట్లోంచి జారినా కూత తెగినట్టే, వాడు అవుట్. అవతలివాళ్ళు పట్టేసినా సరే, కూత తెగకుండా చెయ్యి చాచి గీతను ముట్టగలిగితే మాత్రం పట్టినవాళ్ళే అవుట్. మా గొడవంతా ఈ రెండు ముక్కల్లోంచే పుట్టింది.

రాష్ట్రాలను విప్పదీసి భాష ప్రకారం మళ్ళీ కుట్టిన సంవత్సరం అది. వానలు వెనకబట్టాయి. వికారాబాదులో స్టేషను వెనక మైదానంలో మా తాండూరు జట్టుకూ వికారాబాదు జట్టుకూ ఆఖరి ఆట. పాయింట్లు సరిసమానంగా ఉన్నాయి, టైం అయిపోవస్తోంది, ఆఖరి కూత నాది. అవతల పొడుగాటి మనిషి ఒకడుండేవాడు. పూడూరు దగ్గరి పల్లె. వాళ్ళ ఇంటిల్లిపాదీ తరాలుగా ఇతరుల పొలాల్లో కూలి. ఆదివారం చర్చికి పోయి వచ్చి మధ్యాహ్నం ఆటకు దిగేవాడు. అతని చేతికి మడమ దొరికిందా, ఇక అంతే సంగతులు. ఆ రోజు తొడగొట్టి నన్ను "రా, రా" అన్నాడు. బయట ఎక్కడైనా మా నాన్న ఎదురొస్తే అతని లాంటివాళ్ళు చెప్పులు విడిచి పక్కకు జరుగుతారు. మైదానంలో మాత్రం నేను పటేలు కొడుకును కాను, అతను కూలీ కాడు. నాకు ఆ ఆటలో అంత మజా ఎందుకుండేదో అప్పుడు ఆలోచించలేదు.

ఇద్దరిని తాకి వెనక్కి తిరిగాను. మడమ దొరికిపోయింది. బోర్లా పడ్డాను, నోటి నిండా మట్టి. నా మీద ఇంకో ఇద్దరు పడ్డారు. గీత ఎదురుగానే కనిపిస్తోంది. చెయ్యి చాచాను. అదే క్షణంలో కాలు అవతలి పక్కకు తిరిగింది. మోకాలిలో ఏదో పటుక్కుమంది. ఆ తరవాత వేళ్ళకు గీత ముగ్గు తగిలింది, సీటీ మోగింది. అంపైరుగా ఉన్న డ్రిల్లు సారు పాయింటు మాకిచ్చాడు. మావాళ్ళు నన్ను భుజాలకెత్తుకుంటే నేను గావుకేకలు పెట్టాను. గెలిచిన సంబరంలో అరుస్తున్నానని వాళ్ళు ఇంకా ఎగరేశారు.

సంగతి తెలిశాక మైదానం రెండుగా చీలింది. కావాలని కాలు మెలిపెట్టాడని మావాళ్ళు. పట్టు పట్టే, అందులో ఏముంది, అసలు కూతే తెగిందని వాళ్ళవాళ్ళు. మా జట్టు కెప్టెను మా పెదనాన్న కొడుకు, తాండూరులో నాపరాళ్ళ వ్యాపారం. అన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కడికక్కడే ఫిర్యాదు ఇచ్చాడు. పోటీ పెట్టిన కమిటీ వచ్చే ఆదివారం విచారణ అని చెప్పింది. నాకు ఆ పూడూరు మనిషి మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఆ వారమంతా మంచంలో పడుకుని, అతని చేతులు విరిగిపోవాలని నాకు తెలిసిన మూడు భాషల్లోనూ తిట్టుకున్నాను.

విచారణ వికారాబాదులో ఒక బడి గదిలో. వెదురు బద్దలు కట్టిన కాలుతో నన్ను రైలెక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారు. పెద్దగా కూర్చున్నది ఒక వకీల్ సాబ్. వకాల్తు మానేసి ఇంట్లో ఉంటున్న పెద్దమనిషి, ధర్మాత్ముడని పేరు. ఇంట్లో ఉర్దూ, కోర్టులో ఉర్దూ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం సగం. ఆయనకున్న లోటు ఒక్కటే, జన్మలో కబడ్డీ చూడలేదు. దమ్ము పట్టుకుని మాట ఎట్లా మాట్లాడతారో ఆయనకు ముందు చెప్పవలసి వచ్చింది. డ్రిల్లు సారు ఆ వయసులో గది మధ్య నిలబడి కబడ్డీ కబడ్డీ అని చూపించాడు. వకీల్ సాబ్ చాలా శ్రద్ధగా విని తలూపారు.

తరవాత డ్రిల్లు సారు బయాన్, అంటే సాక్ష్యం. "మనుషుల కుప్పల కెల్లి ఒక మాట ఇనొచ్చింది సాబ్. 'బిడ' అన్నట్టు ఇనొచ్చింది" అన్నాడు.

"బీడీ?" అన్నారు వకీల్ సాబ్. "ఖేల్ నడుస్తుంటే బీడీ ఎందుకు అడిగిండు?"

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. పీటముడి అక్కడే పడింది.

డ్రిల్లు సారుది గుల్బర్గా వైపు. "బీడీ కాదు సాబ్. బిడో. కన్నడంల ఇడిసిపెట్టురా అని. పిలగాని తల్లి కన్నడామె గదా, గా భాషల మొత్తుకున్నడు" అన్నాడు.

వికారాబాదు కెప్టెను లేచాడు. "కన్నడం లేదు, గిన్నడం లేదు సాబ్. బిడ్డా అన్నడు. మావోణ్ణి బెదిరిచ్చిండు. గందుకే మావోనికి పట్టు బిగిసింది."

మా వైపు బిడ్డ అంటే కూతురు. అత్తగారింటికి పోయే పిల్లను పట్టుకుని తల్లి ఏడ్చే మాట అది. అదే మాటను పళ్ళు బిగబట్టి, చివర సాగదీసి ఒక మగవాణ్ణి చూస్తూ అంటే, నీ సంగతి చూస్తానని అర్థం. సమానులు ఒకరినొకరు అనుకుంటారు, పైవాడు కిందివాణ్ణి అంటాడు. కిందివాడు పైవాణ్ణి అనడం మాత్రం ఎక్కడా వినం. ఇదంతా వకీల్ సాబుకు ఉర్దూలో చెప్పడానికి నలుగురు ఒకేసారి పూనుకున్నారు. కూతురిని బెదిరిస్తున్నారని ఆయనకు అర్థమైంది.

"నోరు చూసినవా?" అని ఆయన డ్రిల్లు సారును అడిగారు.

"మొఖం మట్టిల ఉండె సాబ్. నోరు కనవడలే. మాట ఇనవడ్డది."

"మాట వస్తే ఖేల్ ఖతం అంటివి. మరి అప్పుడే సీటీ ఎందుకు కొట్టలే?"

డ్రిల్లు సారు మెడలోని సీటీని తడుముకున్నాడు. "గది ఏం మాటనో సమజయ్యేటాలకు చెయ్యి గీత మీద పడ్డది సాబ్" అన్నాడు.

నా వంతు వచ్చింది. నిజానికి నాకు ఏమీ గుర్తులేదు. మట్టి రుచి గుర్తుంది, మోకాలి చప్పుడు గుర్తుంది. మాట గుర్తులేదు. అన్న నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. "ఏమన్లేదను తమ్మీ. మాట వచ్చిందన్నవంటే కప్పు పోతది" అని గొణిగాడు.

"కబడ్డీ అన్న సాబ్. ఇంకేం అన్లే" అన్నాను.

ఇక పూడూరు మనిషిని పిలిచారు. అతను లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. "కాలు తిప్పినవా?" అని అడిగారు వకీల్ సాబ్. అతను రెండు చేతులూ జోడించి "మాఫ్ చెయ్యుండ్రి సాబ్" అన్నాడు. మా వైపు పెద్దల ముందు నోరు విప్పాలంటే ముందు ఎవరైనా ఆ మాటే అంటారు, దగ్గినట్టు. ఆ తరవాత అసలు మాట చెబుతారు. వకీల్ సాబ్ దాన్నే తప్పు ఒప్పుకోవడం అనుకుని, చాలు పో అన్నారు. అతని అసలు మాట లోపలే ఉండిపోయింది.

చాయ్ తాగాక ఫైసలా చెప్పారు. పిలగాడు ఏమీ అనలేదు గనుక కూత తెగలేదు, కప్పు తాండూరుదే. పిలగాడు విడిచిపెట్టమన్నా విడిచిపెట్టలేదు గనుక పట్టినవాడు రెండు సంవత్సరాలు ఎక్కడా ఆడకూడదు.

గదిలో సగం మంది మొదటి సగం విని లేచారు, మిగిలిన సగం రెండో సగం విని లేచారు. రెండూ కలిపి విన్నది నేనొక్కణ్ణే అనిపించింది. కుర్చీలోంచి లేవలేను గనుక అక్కడే ఉన్నాను.

"సాబ్, నేను అన్ననా, అన్లేదా?" అని అడిగాను.

"దోనో, బేటా" అన్నారు వకీల్ సాబ్ చాలా ప్రేమగా, తల నిమిరి. రెండూనట.

ఇంటికి వచ్చాక అమ్మ "ఏనందీ?" అని అడిగింది, ఏమన్నావని. తెలియదన్నాను. అమ్మకు అది నచ్చలేదు. చిన్నప్పుడు తేలు కుట్టినప్పుడూ చెట్టు మీంచి పడినప్పుడూ నేను కన్నడంలోనే ఏడ్చానట, కాబట్టి బిడో అనే అని ఉంటానట. నాన్న పక్కనుంచి, మగపిల్లవాడు మైదానంలో వంటింటి మాట ఎందుకంటాడు, బిడ్డా అనే అని ఉంటాడు అన్నాడు. ఆ రాత్రి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నేను పగలంతా మంచం మీద పడుకుని బిడో, బిడ్డా, బిడో, బిడ్డా అని పెదాలు కదిపి చూసుకునేవాణ్ణి, ఏది నా నోటికి అలవాటుగా తగులుతుందా అని. ఎంత ఎక్కువగా అనుకుంటే అంతగా రెండూ ఒకటైపోయాయి. చివరికి అవి మాటలేనా అని అనుమానం వచ్చింది.

సీతాఫలాల కాలంలో ఒక మధ్యాహ్నం పూడూరు మనిషి మా ఇంటికి వచ్చాడు. గంపలో అనంతగిరి కొండ పండ్లు. వాకిట్లో గంప దించి, అరుగు కింద నేల మీద కూర్చున్నాడు. మైదానంలో నా మడమ పట్టుకున్న చేతులను మోకాళ్ళ మీద పెట్టుకుని, నా కాలి వంక చూశాడు. నేను తిడదామని సిద్ధంగా ఉన్నాను. అతను అట్లా కింద కూర్చునేసరికి తిట్టు బయటికి రాలేదు.

"నొప్పి తగ్గిందా పటేలా?" అన్నాడు.

"తగ్గలే."

"రైల్వేల పెద్ద సారు ఒకాయన నన్ను పట్టాల గ్యాంగుల పెట్టిస్త అన్నడు పటేలా. వాళ్ళ జట్టుకు ఆడాలె. ఆట బంద్ అయినోడు నాకెందుకు అంటుండు. పైన ఇంకో పంచాయితీ ఉంటదంట గదా. ఆ దినం మీరొచ్చి జర ఒక మాట చెప్తే నా నౌకరి నిలవడ్తది."

అతని ఇంట్లో అంతవరకూ నెల జీతం ఎరిగినవాడు లేడు. ఆ గ్యాంగు పని పోతే మళ్ళీ ఏ పటేలు పొలంలోనో నాగలి వెనకే. ఆ సంగతి అతను చెప్పలేదు, చెప్పనక్కర కూడా లేదు.

"ఏం మాట చెప్పాలె? నాకే యాద్ లేదు. నీ చెవి నా నోటి దగ్గరుండె గదా, నేనేమన్న?" అని అడిగాను.

అతను తల వంచుకున్నాడు. "మీరు ఏదంటే అదే ఇన్న పటేలా" అన్నాడు.

దీనికి అర్థమేమిటో ఎంత తల గోక్కున్నా నాకు బోధపడలేదు. నేను ఏమన్నానో అదే విన్నానంటున్నాడా, నేను ఇప్పుడు ఏం చెబితే అదే విన్నట్టు చెబుతానంటున్నాడా? మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అన్నాడు. గంప ఖాళీ చేయించుకుని వెళ్ళిపోయాడు. పండ్లు చాలా తియ్యగా ఉన్నాయి. అమ్మ మాత్రం ముట్టుకోలేదు.

పై విచారణ అంత సులువుగా జరగలేదు. రెండు జిల్లాల జట్ల మధ్య ఆట గనుక రెండు జిల్లాల సంఘాలూ కలిసి కూర్చోవాలని నియమం. ఆట ఆడిన రోజు తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉంది. వికారాబాదు వాళ్ళు శిక్ష మీద అప్పీలు పెట్టేసరికి గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి పోయింది, తాండూరు హైదరాబాదు జిల్లాకు వచ్చింది. గుల్బర్గా వాళ్ళు, ఇప్పుడు మీరు మా వాళ్ళు కారు అన్నారు. హైదరాబాదు వాళ్ళు, ఆడిన నాటికి మీరింకా మా వాళ్ళు కారు అన్నారు. నేను మంచం దిగకుండానే రాష్ట్రం మారాను. విరిగిన కాలు ఏ రాష్ట్రంలో విరిగినట్టో తేల్చేవాడు లేడు. పూడూరు మనిషి మాత్రం ప్రతి వారం వికారాబాదు పోయి, ఏమైందని అడిగి వస్తున్నాడని తెలిసింది. రైల్వే సారు సంక్రాంతి దాటితే ఇంకొకరిని చూసుకుంటానన్నాడట.

చివరికి రెండు ఊళ్ళ పెద్దలే ఒక మాట అనుకుని ముగ్గురిని కూర్చోబెట్టారు. అందులో ఒకరు వకీల్ సాబ్, తన ఫైసలా మీద తానే అప్పీలు వినడానికి. ఇంకొకడు డ్రిల్లు సారు, తన సీటీ మీద తానే తీర్పు చెప్పడానికి. వీళ్ళ మీద పెద్దగా, తాండూరుకు కొత్తగా బదిలీ అయి వచ్చిన కోస్తా ఆఫీసరు ఒకాయన. ఎవరినీ ఎరగడు గనుక ఎవరి పక్షమూ వహించడని ఆయన్ను ఎంచుకున్నారు.

మా అన్న రాళ్ళ షెడ్డులోనే విచారణ. కుర్చీలు చాలక జనం నాపరాళ్ళ దొంతుల మీద కూర్చున్నారు. నేను చంకలో కర్రతో నిలబడ్డాను. షెడ్డులో ఎంత చోటున్నా పూడూరు మనిషి మాత్రం బయట ఎండలోనే నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఆ రోజు నేనూ అనలేదు.

ఆఫీసరు మర్యాదగా అడిగాడు. "ఏవండీ, పోయినసారి ఏమీ అనలేదన్నారట. ఇప్పుడు ఏమంటారు? ఆ మాటేదో మీరే చెప్పేస్తే అందరం భోజనాలకు లేస్తాం కదండీ."

అన్న నన్నే చూస్తున్నాడు. బిడో అన్నానని చెబితే, వదలమన్నా వదలనివాడిగా అతనికి శిక్ష ఖాయం. ఏమీ అనలేదంటే పాత ఫైసలా అట్లాగే ఉంటుంది. బిడ్డా అన్నానంటే ముందు నేనే రెచ్చగొట్టినట్టు. అప్పుడు అతనికి దారి దొరుకుతుంది, మాకు కప్పు దక్కదు. ఇంత లెక్క వేశానా అంటే వేశాను. కానీ లెక్క వేస్తూ ఉండగానే ఇంకోటి జరిగింది. ఆ మాట నిజంగానే నేను అన్నట్టు గుర్తుకొచ్చింది. మట్టి, పళ్ళు బిగబట్టడం, చివరి సాగదీత, అన్నీ గుర్తొచ్చాయి.

"బిడ్డా అన్న" అన్నాను.

షెడ్డంతా ఒక్కసారి గోలెత్తింది. అన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎండలో ఉన్న మనిషి ఉలిక్కిపడి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. కృతజ్ఞత అనుకున్నాను.

ఆఫీసరుకు మాత్రం కొత్త అనుమానం పుట్టింది. "బిడ్డా అంటే, కన్నబిడ్డా అన్నట్టేనాండీ? కాలు విరుస్తున్నవాణ్ణి అంత ఆప్యాయంగా పిలిచారేమిటి?"

"ప్యార్ కాదు జనాబ్, ధమ్కీ" అన్నారు వకీల్ సాబ్. అది బెదిరింపని పాత విచారణలో నేర్చుకున్నది మరచిపోలేదు.

"రెండూ కాదు సార్, బిడో" అన్నాడు డ్రిల్లు సారు, పట్టు విడవకుండా.

ఆఫీసరు ఆట నియమాలు మళ్ళీ ఒకసారి అడిగి తెలుసుకుని తీర్పు చెప్పాడు. మాట ఏదైనా సరే, మాట వచ్చింది. మాట వస్తే కూత తెగింది. కూత తెగితే ఆట అక్కడితో ముగిసింది. కాలు తిరిగింది ఆ తరవాత. ఆట ముగిశాక జరిగినది ఆటలో తప్పు కాదు, ఇద్దరు మనుషుల మధ్య జరిగిన సంగతి, దాని మీద ఆట కమిటీకి అధికారం లేదు. శిక్ష కొట్టివేశాం. మరి కప్పు అని ఎవరో అడిగారు. కప్పు గురించి ఎవరూ అప్పీలు చేయలేదు గనుక అది ఉన్నచోటే ఉంటుంది అన్నాడు.

అట్లా నేను తెగిన కూతతో గెలిచిన వాణ్ణయ్యాను. అతను, ముగిసిపోయిన ఆటలో నా కాలు విరిచిన వాడయ్యాడు. అందరూ భోజనాలకు లేచారు. అన్న నాతో చాలా నెలలు మాట్లాడలేదు. కప్పును పదిమందికీ కనబడేట్టు పెట్టుకోవడానికి అతనికి సిగ్గు, తిరిగి ఇవ్వడానికి అంతకంటే సిగ్గు. చివరికి మా వదిన దాన్ని కందులు తోడుకోవడానికి వాడుకుంది. సంక్రాంతికి ముందే పూడూరు మనిషి గ్యాంగులో చేరాడని కబురు వచ్చింది. నాకు సంతోషం వేసింది. నా మాట వల్ల ఒక మనిషి బాగుపడ్డాడని కొంచెం గర్వం కూడా వేసిందని ఒప్పుకుంటాను.

తరవాత కాలు కుదురుకుంది గానీ వంకర మిగిలింది. నేను మళ్ళీ ఆడలేదు. పెళ్ళయింది, పొలం నా చేతికొచ్చింది. ఎవరైనా కాలి సంగతి అడిగితే ఆ కథ చెప్పేవాణ్ణి, నేను బిడ్డా అన్న చోట గొంతు పెంచి మరీ. చెప్పీ చెప్పీ అది నా సొంతం అయిపోయింది.

పందొమ్మిదివందల అరవైలలో ఒక రోజు తాండూరు స్టేషనులో వికారాబాదు బండి కోసం కూర్చున్నాను. పట్టాల మీద పని చేస్తున్న గ్యాంగులోంచి ఒక పొడుగాటి మనిషి నా వైపు నడిచి వచ్చాడు. ఇప్పుడు గ్యాంగు మేస్త్రీ. నెత్తి మీద జుట్టు పలచబడింది. చంకలో పచ్చజెండా, ఎర్రజెండా చుట్టి పెట్టుకున్నాడు.

"పటేలా, కాలు మంచిగున్నదా?" అన్నాడు.

బల్ల మీద చోటు చూపించాను. ఈసారి కూర్చున్నాడు, చివరన. పెద్దపిల్ల బడికి పోతోందని చెప్పాడు. నేను నవ్వుతూ అన్నాను, "నేను గా మాట అన్నది నీకు కలిసొచ్చింది గదా."

అతను అటూ ఇటూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరు.

"మీరు అన్లే పటేలా" అన్నాడు.

"ఏందీ?"

"మీ కూత తెగలే. గీత ముట్టేదాక కబడ్డీ అనుకుంటనే ఉన్నరు, మట్టి మింగుకుంట. గా మాట నేనన్న. మడమ దొరికింది గదా, ఇంగ ఏడవోతవ్ బిడ్డా అన్న. కాలు కావాలని తిప్పలే, మీదోళ్ళు పడంగ తిరిగింది. మాట మాత్రం కావాలనే అన్న."

నేను విన్నది సరిగ్గానే విన్నానా అని ఇంకోసారి అడిగాను. అతను అదే చెప్పాడు, తొందరపడకుండా.

"మరి ఆ దినం ఎందుకు చెప్పలే?"

"అడిగిండ్రా పటేలా ఎవలన్న? మీరేమన్నరో అడిగిండ్రు. డ్రిల్లు సారు ఏమిన్నడో అడిగిండ్రు. నన్ను కాలు సంగతే అడిగిరి." చంకలోని జెండాలు సర్దుకున్నాడు. "అడిగినా చెప్పకపోదును. కాలు ఇరిగితే ఆట బంద్ చేస్తరు. పటేల్ కొడుకును బిడ్డా అన్ననంటే మా ఇంటికి పనే బంద్ చేస్తరు, ఊరే బంద్ చేస్తరు. రాళ్ళ షెడ్డుల మీరు గా మాట అనంగనే నా పాణం పోయినంత పనైంది. నాది బయటపెట్టిండ్రు అనుకున్న. పెట్టలే. మీదని చెప్పిండ్రు."

ఇన్నేళ్ళూ నా నోట్లో ఉందనుకున్న మాట నాది కాదు. ఆ మట్టి నాదే, నొప్పి నాదే, ఆ సాగదీత మాత్రం అతనిది. అది నా చెవిలో పడి, నా నోటిదాకా వచ్చి, నా జ్ఞాపకంగా కూర్చుంది. అతన్ని నమ్మకుండా ఉండే వీలు కూడా లేదు. ఇప్పుడు అతనికి నాతో అవసరం ఏమీ లేదు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా బాధేసింది. అతను తన జీవితంలో ఒకే ఒక్కసారి ఒక పటేలు కొడుకును అనగలిగిన మాట అది. దాన్ని కూడా నేనే తీసుకున్నాను, పైగా ఉపకారం చేశాననుకున్నాను.

బండి దూరంగా కూత పెట్టింది. అతను లేచి జెండా విప్పాడు.

"ఒక్కపారి మళ్ళ అను" అన్నాను. "నా మొఖం చూసి అను. ఇక్కడ ఎవలు లేరు."

అతను నవ్వాడు. నవ్వుతూనే, కూర్చునే ముందు విడిచిన చెప్పులు తొడుక్కుని, పట్టాల వైపు రెండడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు ఆట లేదు గదా పటేలా" అన్నాడు.